తెగుళ్ల డాక్టరు, మొండి వడ్లు

ఉంగుటూరు సెంటర్లో బస్సు దిగి "డాక్టరు గారి షాపెక్కడండీ?" అని అడిగితే, "మనుషుల డాక్టరా, వరి డాక్టరా?" అని ఎదురు ప్రశ్న వచ్చేది. రెండువేల సంవత్సరం దాటిన ఆ కొత్తలో ఇద్దరిలోనూ వరి డాక్టరుకే గిరాకీ. ఆయన పేరు గంగాధరరావు. చదువు ఇంటర్మీడియెట్ వరకు. అంటే పరీక్ష రాసేంతవరకు, పాసయ్యేంతవరకు కాదు. తప్పిన సబ్జెక్టుల్లో వృక్షశాస్త్రం ఒకటి.

పుట్టింది పెంటపాడు పక్క పల్లెలో. కుర్రతనంలో తాడేపల్లిగూడెంలో ఒక డాక్టరు దగ్గర కాంపౌండరుగా చేశాడు. అక్కడ వైద్యం అబ్బలేదు గాని వైద్యుడి వాలకం బాగా అబ్బింది. రోగి చెప్పే మాటను సగంలో ఆపడం, కళ్లజోడు ముక్కు కొసకు జార్చి "ఊఁ" అనడం, ఎవరికీ అర్థం కాకుండా చీటీ రాయడం, అన్నీ ఒంటబట్టాయి. పెళ్లయ్యాక అత్తవారి ఊరికి దగ్గరగా ఉంటుందని ఉంగుటూరులో పురుగుమందుల షాపు పెట్టుకుని, ఆ వాలకాన్నంతా అక్కడికి తెచ్చాడు.

షాపు ముందు పొడుగాటి బెంచీ. రైతులు జబ్బు చేసిన వరి దుబ్బులను తడిగుడ్డలో చుట్టుకుని పసిపిల్లల్లా ఒళ్లో పెట్టుకుని ఆ బెంచీ మీద కూర్చునేవారు. తమ వంతు వచ్చాక దుబ్బును బల్ల మీద పడుకోబెట్టేవారు. గంగాధరరావు భూతద్దం పెట్టి ఆకు వెనక్కీ ముందుకీ తిప్పేవాడు.

"ఎప్పటినుంచి?"

"మొన్న మంచు పట్టిన దగ్గర్నుంచండి."

"ఆలస్యం చేశారు."

ఎంత తెల్లవారుతూ పరుగెత్తుకొచ్చినవాడికైనా ఆ మాట తప్పేది కాదు. ముందు నీలం మూత సీసా ఇచ్చేవాడు. వారం తర్వాత అదే రైతు మరింత దిగాలుగా వస్తే ఎర్రమూత సీసా. చేను మొత్తం పోయిందని వస్తే మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "మందు మంచిదేనండీ, కొట్టిన చెయ్యే మంచిది కాదు" అనేవాడు. రైతు తన చేతుల వంక చూసుకుంటూ ఇంటికి పోయేవాడు.

ఆయన మోసగాడని అనుకుంటే పొరపాటు. మోసగాడికి తను చెప్పేది అబద్ధమని తెలుస్తుంది. గంగాధరరావుకు ఆ బాధ లేదు, తన మాటను అందరికంటే ముందు తనే నమ్మేవాడు. జబ్బు చేయని పంట అంటే ఎవరూ పట్టించుకోని అనాథ అని ఆయన గట్టి నమ్మకం. అందుకే అడిగిన ప్రతివాడికీ సాంబ మసూరే వేయమనేవాడు. సన్నబియ్యం, రుచి, మార్కెట్లో మర్యాద. కాకపోతే గాలి మారినా మంచు కురిసినా ఆ రకానికి ఏదో ఒక తెగులు వచ్చిపడుతుంది.

"పెద్దింటి పిల్ల లాంటిదండీ. సుకుమారం. సేవ చెయ్యాలి మరి" అనేవాడు. ఆ సేవంతా సీసాల్లో ఉండేది.

రోడ్డు పక్కన ఆయనకు సొంత చేను ఉంది. చుట్టూ మందుల కంపెనీల బోర్డులు, మధ్యలో సాంబ మసూరి. బస్సులో పోయేవాళ్లు తలలు బయటపెట్టి చూసేవారు. ఆ చేనుకు పడినన్ని మందులు జిల్లాలో ఇంకే చేనుకూ పడి ఉండవు. ఇంట్లో తినడానికి మాత్రం ఆయన భార్య సుభద్ర పుట్టింటి నుంచి బియ్యం తెప్పించేది. "ఏవండీ, మీరు దాంట్లో ఏం కలిపారో నేను చూశానండీ" అని ఒకసారి అంది. ఆయన దాన్ని పుట్టింటి మీద మమకారంగా జమకట్టాడు.

రెండువేల నాలుగు సార్వా, అంటే వానాకాలం పంట ముందు, వ్యవసాయాధికారి నిరంజన్ పంచాయతీ ఆఫీసుకు కొన్ని చిన్న సంచులు తెచ్చాడు. పరిశోధనా కేంద్రం వాళ్లు కొత్తగా తయారుచేసిన వరి రకం. పేరు ఇంకా పెట్టలేదు, అంకెలు మాత్రం ఉన్నాయి. కొంచెం లావు గింజ. అగ్గితెగులును తట్టుకుంటుందట. రైతుల పొలాల్లో వేసి చూడాలట.

"ఎవరు తీసుకుంటారండీ?" అన్నాడు నిరంజన్.

అందరూ గంగాధరరావు మొహంలోకి చూశారు. ఆయన నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని, భూతద్దం తీయనవసరం కూడా లేదన్నట్టు మూతి తిప్పాడు. "కోళ్లకు వేసుకోవచ్చండీ" అన్నాడు.

వెనక గోడకు ఆనుకుని కృపమ్మ కూర్చుని ఉంది. డాక్టరు గారి చేను పక్కనే ఆమె చిన్న పొలం చెక్క. నిరుడు ఆమె పంట పోతే ఆయన ఆమె చేతిని తప్పుబట్టాడు. ఆదివారం ప్రార్థనకు వచ్చిన వాళ్లందరికీ కృపమ్మ ఆ చెయ్యి చూపించి, "ఈ చేత్తో ఆరుగురు బిడ్డల్ని పెంచానమ్మా, మంచిది కాదంట" అని చెప్పుకుంది. ఆమెకు వరి రకాల గురించి కొత్తగా తెలిసిందేమీ లేదు. గంగాధరరావు మూతి తిప్పడం చూసింది, అంతే.

"నాకివ్వండి బాబూ" అని లేచింది.

ఆ ఏడు అక్టోబరులో ముసురు పట్టి, వెనకే మంచు దిగింది. పొద్దెక్కినా ఎదుటి మనిషి కనిపించని మంచు. సాంబ మసూరి ఆకుల మీద నూలుకండె ఆకారంలో అగ్గితెగులు మచ్చలు లేచాయి. అంచులు గోధుమరంగు, నడుమ బూడిద. డాక్టరు నీలం మూతతో మొదలుపెట్టి ఎర్రమూతకు వచ్చాడు. చేను ఈనే వేళకు తెగులు మెడకు పాకింది. కంకి మొదట్లో కణుపు నల్లబడి, కంకులు విరిగి వేలాడి, చేను చేనంతా తెల్లబోయింది. చేత్తో నలిపితే తాలు తప్ప గింజ లేదు. దీన్నే మెడవిరుపు అంటారు.

గట్టుకు ఇవతల ఇలా ఉంటే, గట్టుకు అవతల కృపమ్మ చెక్కలో కంకులు బరువుకు వంగి బంగారంలా ఉన్నాయి. రెండు చేలకూ ఒకే బోదె కాలువ నీళ్లు, ఒకే మంచు, ఒకే గాలి. ఆమె స్ప్రేయరు భుజానికెత్తిన పాపాన పోలేదు. గంగాధరరావు పొద్దున్నే గట్టు మీద నిలబడి అటు చూసి ఇటు చూసి, ఇటు చూసి అటు చూశాడు. బస్సులో వాళ్లు అలవాటు కొద్దీ తలలు బయటపెట్టారు. ఆయనకు మొదటిసారి తన బోర్డులు అంత పెద్దవిగా ఉండకూడదనిపించింది.

వేరే మనిషైతే ఆ గట్టు మీద ఏదో ఒకటి నేర్చుకునేవాడు. గంగాధరరావు నేరుగా వెళ్లి పంచాయతీ పెట్టించాడు.

"ఈ తెగులు నా చేలో పుట్టింది కాదండీ" అన్నాడు ఊరి పెద్దల ముందు. "ఆవిడ వేసిన మొండి రకం ఉంది చూశారూ, అది తెగులును కడుపులో దాచుకుని, పైకి నవ్వుతూ, నా చేలోకి ఉమ్మింది. దానికి రాకుండా నాకే రావడానికి ఇంకేం కారణం ఉందండీ?"

పెద్దలు తలలూపారు. మాటలో తర్కం ఉన్నట్టే ఉంది.

కృపమ్మ లేచింది. "ఏవండీ డాక్టరు గారూ, మా ఇంటికి దొంగలు రాలేదనుకోండి, మీ ఇంటికొచ్చి దోచింది నేనేనంటారా?"

జనం గొల్లుమన్నారు. నిరంజన్ చెయ్యెత్తి వారిని ఆపి, నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాడు. "ఇది ఉమ్మడమూ కాదు, మంత్రమూ కాదండీ. ఒకే ఇంట్లో ఒకరికి జలుబు చేస్తుంది, పక్కన పడుకున్నవాడికి చెయ్యదు. వడ్లలోనూ అంతే. సాంబ మసూరికి ఈ తెగులును ఆపే గుణం పుట్టుకతో లేదు. ఈ రకానికి ఉంది. తెగులు విత్తు ఆకు మీద పడినా లోపలికి పోనివ్వదు. అలాగని దీనికి ఏ జబ్బూ రాదని కాదు. కృపమ్మ గారి చేలోనే అడుగున కాండాల మీద పాముపొడ తెగులు మచ్చలున్నాయి, వెళ్లి చూడండి. ఏ రకమైనా కొన్నిటికి మొండి, కొన్నిటికి మెత్తన. ఇంకొక్క మాటండీ. బాగుంది కదా అని ఊరంతా ఇదొక్కటే వెయ్యకండి. ఏళ్ల తరబడి ఒకే తలుపు కనిపిస్తే తెగులు కూడా తాళం తీయడం నేర్చుకుంటుంది."

చివరి మాటలు వినడానికి ఎవరూ లేరు. జనమంతా అప్పటికే కృపమ్మ చేను వైపు నడుస్తున్నారు, విత్తనం ఎవరికెంత అని గొడవపడుతూ. పాముపొడ మచ్చలను చూడడానికి ఎవరూ వంగలేదు.

వడ్లకు పేరు గంగాధరరావే పెట్టినట్టయింది. మొండి రకమని ఆయన తిట్టబోయి అన్న మాటే ఊళ్లో నిలిచింది. ఆ అంకెలు ఎవరికి కావాలి? మరుసటి ఏడు ఎక్కడ చూసినా మొండి వడ్లే. షాపు ముందు బెంచీ మీద కుక్కలు పడుకునేవి. పక్కకొట్టులో స్ప్రేయర్లు బాగుచేసే ఖాసిం సాయంత్రాలు వచ్చి ఆ కుక్కల పక్కనే కూర్చునేవాడు.

"డాక్టరు గారూ, ఊరంతా ఇంత ఆరోగ్యంగా ఉంటే మనబోటి వాళ్ల గతేంటండీ?"

"ఈ ఆరోగ్యం ఉండేది కొన్నాళ్లేనయ్యా" అన్నాడు గంగాధరరావు. "ఆ బియ్యం తింటే కీళ్లు పట్టేస్తాయి. తెగులే తినలేని గింజ, మనిషికి అరుగుతుందా?"

ఈ మాటను ఆయన టీకొట్లలో, పెళ్లిపందిళ్లలో, బస్టాండులో చల్లాడు. కొంతమందికి నిజంగానే కీళ్లు పట్టేశాయి కూడా. అయితే వాళ్లు మొండి బియ్యం మానేయలేదు, మోకాళ్లకు నూనె రాసుకుని మళ్లీ అవే తిన్నారు. మిల్లులవాళ్లు ఆ వడ్లు తీసుకున్నారు. ఖాసిం స్ప్రేయర్లు వదిలేసి సైకిళ్లకు పంక్చర్లు వేయడం మొదలుపెట్టాడు. "నేను మారిపోయానండీ, మీరూ మారండి" అని వెళ్తూ వెళ్తూ ఒక మాటన్నాడు.

ఆ మాట గంగాధరరావుకు తగిలింది. ఆయన మారాడు. ఎంత మారాడంటే, ఎరిగినవాళ్లకు కళ్లు తిరిగాయి. ఏలూరులో సంచులు అచ్చు వేయించాడు. సంచి మీద ఒక చేత్తో కంకి, ఇంకో చేత్తో భూతద్దం పట్టుకుని ఆయనే నవ్వుతున్నాడు. పైన పెద్ద అక్షరాలు: "గంగా మొండి. తెగులు తాకదు, మందు అడగదు." ఊళ్లో వాళ్ల వడ్లే కొని, తూర్పారబట్టి, సంచుల్లో పోసి అమ్మకం మొదలుపెట్టాడు.

కాలం కూడా కలిసొచ్చింది. రెండువేల ఆరులో కొల్లేరు సరస్సును ఆక్రమించి తవ్విన చేపల చెరువుల గట్లను సర్కారు కొట్టించింది. చెరువు పోయి నేల మిగిలిన వాళ్లలో కొందరు దాళ్వాకు, అంటే ఎండాకాలం పంటకు, మళ్లీ వరి వైపు తిరిగారు. చేపలు పెంచిన చేతులు, వరి మరిచిపోయిన చేతులు. వాళ్లకు "మందు అడగదు" అనే మాట కంటే తీయని మాట ఉంటుందా? గంగాధరరావు జీపులో మైకు పెట్టుకుని కొల్లేరు అంచు ఊళ్లన్నీ తిరిగాడు. విత్తనం ఎలా దొరికిందో చెప్పే కథ ఊరూరికీ పెరిగింది. మొదటి ఊళ్లో, ఆఫీసరు గారూ నేనూ కలిసి పరీక్షించాం అన్నాడు. పొలిమేర దాటాక, ఆఫీసరుకు నేనే చెప్పాను అన్నాడు. నీళ్లొడ్డు ఊళ్లకు చేరేసరికి అది ఆయన గట్టు మీద దానంతట అదే మొలిచిన ఒంటరి మొక్క అయిపోయింది. ఆయన దాన్ని బిడ్డలా పెంచాడట. చెప్పేటప్పుడు ఆయన గొంతు నిజంగానే బొంగురుపోయేది.

నిరంజన్ ఒకసారి షాపుకు వచ్చి, "ఆ ఊళ్లలో మంచు ఎక్కువండీ. అక్కడ అందరికీ ఒకే రకం అంటగట్టకండి. ఇంకో రెండు రకాలిస్తాను, కలిపి అమ్మండి" అన్నాడు.

"మీరు పుస్తకాల మనుషులండీ" అన్నాడు గంగాధరరావు జాలిగా. ఆ తర్వాత కొన్నాళ్లకే నిరంజన్‌కు చింతలపూడి బదిలీ అయింది. ఇక అడిగేవాడు లేడు.

రెండువేల ఎనిమిది ఫిబ్రవరి చివర్లో ఏలూరులో ఒక వర్తకుల సంఘం గంగాధరరావుకు సన్మానం తలపెట్టింది. బిరుదు "విత్తన విధాత". ఆయన చాలా మొహమాటపడి, శాలువా రంగు తనే ఎంచుకున్నాడు. సభకు నిండుదనం రావాలంటే ఆ వడ్లు మొదట వేసిన రైతు వేదిక మీద ఉండాలని నిర్వాహకులు అన్నారు. కృపమ్మ కోసం కారు పంపారు. ఆమె ఎన్నడూ కారెక్కలేదు. కాబట్టి ఎక్కింది. దారిలో గంగాధరరావు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, ఏం చెప్పాలో ఓపిగ్గా నేర్పాడు. ఆమె కిటికీలోంచి చూస్తూ అన్నిటికీ "అలాగేనండి" అంది.

హాలు నిండింది. సభ నడిపే లెక్చరరు గారు తేనె గొంతుతో, "అమ్మా, ఈ అద్భుతమైన విత్తనం మీ చేతికి ఎలా వచ్చిందో సభకు చెప్పండి" అని మైకు అందించాడు.

కృపమ్మ మైకును చపాతీ కర్రలా పట్టుకుంది. "డాక్టరు గారు వద్దని మూతి తిప్పారండి. అందుకని నేను తీసుకున్నానండి."

అది వినయంతో కూడిన హాస్యమనుకుని సభ చప్పట్లు కొట్టింది. గంగాధరరావు కూడా నవ్వాల్సి వచ్చింది. లెక్చరరు గారు తమాయించుకుని, "ఈ ఏడు కూడా మీ పొలంలో గంగా మొండి కళకళలాడుతోంది కదమ్మా!" అన్నాడు.

"లేదండి బాబూ, మానేశాను. పళ్లూడిపోయాయండి. ఆ బియ్యం నమల్లేకపోతున్నాను. మా చిన్నల్లుడు వేరే వడ్లు ఏవో తెచ్చాడు, అవి వేశాను. మెత్తగా ఉంటున్నాయండి."

ఈసారి చప్పట్లు కాస్త పలచగా పడ్డాయి. గంగాధరరావు శాలువా సర్దుకున్నాడు. ఇంతలో తలుపు దగ్గర సందడి. పదిపన్నెండు మంది రైతులు వరికట్టలు భుజాన వేసుకుని లోపలికి వస్తున్నారు. ముందు నడుస్తున్నది కొల్లేరు అంచు ఊరి సీమోను. చేపల చెరువు పోయాక వరి పట్టినవాడు.

"చూడండి!" అన్నాడు లెక్చరరు గారు పరవశంతో. "రైతన్నలు తమ తొలిపంటను విత్తన విధాత పాదాల చెంత సమర్పించుకోవడానికి తరలివస్తున్నారు! రండి, వేదిక మీదికి రండి!"

వాళ్లు వచ్చారు. ఒకరి వెనక ఒకరు వరికట్టలను గంగాధరరావు ఒళ్లో, పట్టు శాలువా మీద పెట్టారు. హాలు చప్పట్లతో మారుమోగింది. దూరం నుంచి కంకులు తెల్లగా మెరుస్తున్నాయి. దగ్గర నుంచి చూసేవాడు ఒక్కడే. గంగాధరరావు పైకంకి మెడ దగ్గర వేలు పెట్టాడు. కణుపు నల్లగా ఉంది. వేలు తగలగానే పుటుక్కున విరిగింది.

మంచు కురిసే ఆ నేలలో, ఊరు ఊరంతా ఒకే రకం వేసి పిలుస్తుంటే, అగ్గితెగులు దారి కనిపెట్టేసింది. ఏళ్లుగా తాకలేని ఆకులనే మెట్టు మెట్టుగా ఎక్కి మెడ కొరికింది.

"తెగులు తాకదన్నారు కదండీ" అన్నాడు సీమోను. గొంతు హెచ్చించలేదు. మైకు మాత్రం పక్కనే ఉంది, మాట హాలంతా వినిపించింది. "సంచి మీద రాసుకున్నారు కూడానండీ. మాకు వరి కొత్త. మీ మాట మీద వేశాం. ఇప్పుడేం చెయ్యమంటారో చెప్పండి."

గంగాధరరావు నోరు పాత అలవాటున తెరుచుకుంది.

"ఆలస్యం చేశారు" అన్నాడు.

ఎవరు ముందు లేచారో తెలియదు. కుర్చీలు పడ్డాయి, పూలదండలు తొక్కిసలాటలో నలిగాయి. శాలువాను ఒక రైతు కట్టలు మోయడానికి పనికొస్తుందని చుట్టుకుని పోయాడు. గంగాధరరావును వెనక ద్వారం గుండా దాటించారు. కారు డ్రైవరుకు ఎవరిని తీసుకురమ్మన్నారో అదే గుర్తుండి, కృపమ్మను ఎక్కించుకుని వెళ్లిపోయాడు. విధాత గారు బస్టాండులో నిలబడి తాడేపల్లిగూడెం బస్సు పట్టుకున్నారు. బస్సులో ఎవరో గుర్తుపట్టి, సీటిచ్చి మరీ సంగతి అడిగారు.

ఊళ్లో కృపమ్మకు కొత్త ఖ్యాతి పుట్టింది. తెగులు వస్తుందని ఆమెకు ముందే తెలుసునన్నారు. ప్రార్థనలో దర్శనమైందని కొందరు, అల్లుడికి పైనుంచి కబురందిందని కొందరు. పళ్లు ఊడిపోవడం వల్లే తప్పించుకున్నానని ఆమె ఎంత మొత్తుకున్నా వినేవాడు లేడు. ఈ ఏడు ఏ వడ్లు వేయాలో అడగడానికి జనం ఆమె వాకిట్లో కూర్చునేవారు. ఆమె విసుగొచ్చి, నోటికొచ్చిన పేరు చెప్పి పంపేసేది. వాళ్లు అవే వేసేవారు.

గంగాధరరావు వారం రోజులు షాపు తలుపు తీయలేదు. ఎనిమిదో నాడు తీసేసరికి బెంచీ నిండా జనం. మొండి వడ్లకు తెగులు ఉంగుటూరు దాకా పాకింది. హాలులో కుర్చీలు విరగ్గొట్టిన వాళ్లలో ఇద్దరు వరసలో ముందున్నారు. తడిగుడ్డలో దుబ్బులు పట్టుకుని తలలు వంచుకుని కూర్చున్నారు. ఆయనా తల వంచుకునే లోపలికి వెళ్లాడు. మందు కావాలి, దగ్గర్లో ఉన్నది ఆ షాపే. కోపానికేముంది, కోతలయ్యాక కూడా పడవచ్చు.

ఆ వానాకాలం ముందు గంగాధరరావు ఎవరికీ చెప్పకుండా చింతలపూడి బస్సెక్కాడు. నిరంజన్ ఆయన్ని చూసి పాత సంగతులేవీ ఎత్తలేదు, టీ తెప్పించాడు. గంగాధరరావు గ్లాసు పక్కన పెట్టి, "ఏ రకం మంచిదండీ? నిజం చెప్పండి" అన్నాడు.

"ఒక్కటేదీ కాదండీ. నేలను బట్టి, కాలాన్ని బట్టి మూడు నాలుగు రకాలు పంచి వెయ్యాలి. ఏటేటా చూసుకోవాలి. ఈ ఏడు తట్టుకున్నది ఎల్లకాలం తట్టుకుంటుందని నేను రాసివ్వలేను."

తిరుగు బస్సులో గంగాధరరావు ఆ మాటలను నెమరువేసుకుంటూ వచ్చాడు. అవి ఆయన మీద నిజంగానే పనిచేశాయి. మర్నాడు షాపుకు ఒక కొత్త రైతు వచ్చి, "డాక్టరు గారూ, ఏ విత్తనం వేస్తే ఏ తెగులూ రాదండీ?" అని అడిగాడు. గంగాధరరావు కళ్లజోడు జార్చలేదు. "అలాంటిది లేదండీ" అన్నాడు. "నాకు తెలియదు. మూడు నాలుగు రకాలు కలిపి వేసుకుని, చూసుకుంటూ ఉండండి."

ఆ మాట ఆయన నోట రావడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. లోపల ఏదో బరువు దిగినట్టయింది. సుభద్ర ఆ పక్కనే క్యారియరు పెట్టబోతూ ఆగి, మొగుడి వంక కొత్తగా చూసింది.

రైతు మాత్రం అనుమానంగా చూశాడు. "మీకే తెలియకపోతే ఎలాగండీ?" అని లేచి, రోడ్డు దాటి, ఎదురుగా కొత్తగా పెట్టిన షాపులోకి వెళ్లాడు. అక్కడున్న కుర్రాడికి అన్నీ తెలుసు. ఒక సంచి చూపించి ఛాతీ మీద చెయ్యి వేసుకుని ప్రమాణం చేస్తున్నాడు. రైతు సంచి భుజానికెత్తుకుని సంతోషంగా ఆటో ఎక్కాడు.

గంగాధరరావు ఆటో మలుపు తిరిగేదాకా చూశాడు. కాసేపటికి ఇంకో రైతు వచ్చి బెంచీ మీద కూర్చుని, అదే ప్రశ్న వేశాడు.

గంగాధరరావు కళ్లజోడు తీసి, తుడిచి, ముక్కు కొస మీద పెట్టుకున్నాడు.

"ఉందండీ ఒకటి" అన్నాడు.